కొత్త ట్రస్టు పెట్టేముందు: విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఉన్న సేవాసంస్థలను నిలబెట్టడం ఎలా

ఉద్యోగ విరమణ చేసినవారు, విదేశాల్లో స్థిరపడి సొంత ఊరికి ఏదైనా చేయాలనుకునేవారు, వ్యాపారంలో నాలుగు డబ్బులు మిగిలినవారు మన ప్రాంతంలో సాధారణంగా చేసే మొదటి పని తల్లిదండ్రుల పేరిట ఒక ట్రస్టు రిజిస్టరు చేయించడం. మూడేళ్లు తిరిగేసరికి ఆ ట్రస్టు ఒక పాన్ కార్డుగా, ఒక బ్యాంకు ఖాతాగా, గేటు పక్కన ఒక బోర్డుగా మాత్రమే మిగలడం కూడా అంతే సాధారణం. అదే వీధి చివర పాతికేళ్లుగా పిల్లలకో, వృద్ధులకో అన్నం పెడుతున్న సంస్థకు మాత్రం లెక్కలు రాసే మనిషి ఉండడు, పాతబడిన రిజిస్ట్రేషన్ పట్టించుకునే తీరిక ఉండదు. కాబట్టి ఈ మార్గదర్శి కొత్త సంస్థ పెట్టడం గురించి కాదు. ఇప్పటికే పనిచేస్తున్న రెండు మూడు సంస్థలకు వెన్నుదన్నుగా నిలవాలనుకునే అయిదారుగురు వ్యక్తులు ఏ పని తరువాత ఏ పని చేయాలన్నది ఇందులోని విషయం. మన సేవాసంస్థలు కరుణ లేక మూతబడటం చాలా అరుదు. అవి కుంటుపడేది లెక్కలు, జీతాలు, వారసత్వం అనే మూడింటి దగ్గర, ఆ మూడింటికీ చందా ఇచ్చేవారు దాదాపు ఉండరు.

చిన్న సంస్థలు ఒకదానికొకటి ఆసరాగా నిలవడం ఈ నేలకు కొత్త కాదు. ఊరూరా విడివిడిగా వెలసిన గ్రంథాలయాల ప్రతినిధులు 1914 ఏప్రిల్ 10న బెజవాడలో సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. ఏ గ్రంథాలయమూ తన పేరునూ స్వాతంత్ర్యాన్నీ వదులుకోలేదు. ఒంటరిగా చేయలేని పనిని మాత్రమే ఉమ్మడిగా చేసుకోవడం ఆ పద్ధతి. ఇప్పుడు మనకు కావలసిందీ అంతే.

మొదటి అడుగు: ఉన్నవాటిని చూసిరావడం

నీతి ఆయోగ్ నిర్వహించే దర్పణ్ పోర్టల్‌లో సంస్థల పేర్లు రాష్ట్రాల వారీగా దొరుకుతాయి. సొసైటీల వివరాలు జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో, బాలల గృహాల వివరాలు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, వృద్ధాశ్రమాల వివరాలు వయోవృద్ధుల సంక్షేమ శాఖలో అడిగి తెలుసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది. పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల జిల్లాలు విడివడ్డాయి. పాత కాగితాల్లో కృష్ణా జిల్లా, గుంటూరు జిల్లా అని ఉన్నంత మాత్రాన దస్త్రం ఇప్పుడు ఎక్కడుందో చెప్పలేమని గుర్తుంచుకుని వెతకాలి.

అయితే జాబితాలో పేరున్న సంస్థలన్నీ పనిచేస్తున్నట్టు కాదు. సంస్థ సంగతి తెలియాలంటే కార్యదర్శి గదిలో గోడకున్న సన్మాన ఫొటోలకన్నా ఆ సంస్థకు బియ్యం వేసే కొట్టు యజమానిని అడగడం మంచిది. నెలకు ఎన్ని బస్తాలు పోతున్నాయో, బాకీ ఎన్నాళ్లకు తీరుతోందో, పండగ నెలలో దాతలు నేరుగా బస్తాలు కొనిచ్చినప్పుడు సంస్థ తన కొనుగోలు తగ్గించుకుంటున్నదో లేదో ఆయనకు కచ్చితంగా తెలుసు. గ్యాస్ ఏజెన్సీ, పక్కనున్న బడి ప్రధానోపాధ్యాయులు, ఆ వార్డు సచివాలయ సిబ్బంది కూడా ఇలాంటి సాక్షులే.

ఇలా చూసినవాటిలో మూడింటికి మించి ఎంచుకోకూడదు. పేరున్న పెద్ద సంస్థలకు మీ అవసరం తక్కువ. పది మందికైనా ప్రతిరోజూ ఏదో ఒక సేవ అందిస్తూ, కాగితాల విషయంలో మాత్రం తడబడుతున్న మధ్యస్థాయి సంస్థలకే మీ సాయం అక్కరకొస్తుంది. నిర్వాహకులు తమ లెక్కలు చూపడానికి ఇష్టపడకపోతే వాదించకుండా నమస్కారం పెట్టి వచ్చేయండి.

రెండో అడుగు: కాగితాల పెట్టె తెరవడం

ఈ పనికి ఒక పూర్తి రోజు కేటాయించి, సంస్థ కార్యదర్శినీ ఆడిటరునూ కూర్చోబెట్టుకుని, ఉన్న ప్రతి కాగితాన్నీ బయటికి తీయాలి. ముందు తేల్చుకోవలసింది సంస్థ స్వరూపం. మన రాష్ట్రంలో సొసైటీలు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో ఏర్పడతాయి. ట్రస్టులు సబ్ రిజిస్ట్రారు దగ్గర నమోదైన ట్రస్టు డీడు మీద నడుస్తాయి. కొన్ని సంస్థలు 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీలుగా ఉంటాయి. సొసైటీ అయితే ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, ఆ తరువాత 15 రోజుల్లోగా కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. మన చిన్న సొసైటీల్లో తరచుగా కనిపించే లోపం ఇక్కడే ఉంటుంది. కన్నుమూసిన అధ్యక్షుడి పేరే బ్యాంకు చెక్కుల మీద కొనసాగుతుంది, కొత్త కార్యవర్గం ఉన్నట్టు రిజిస్ట్రారు రికార్డులో ఉండదు, బ్యాంకు సంతకం మార్చడానికి రిజిస్ట్రారు ధ్రువీకరించిన జాబితా అడుగుతుంది, ఆ జాబితా ఇవ్వాలంటే ఇన్నేళ్ల బకాయి దాఖలాలన్నీ పూర్తిచేయమని అక్కడ చెబుతారు. ఈ చిక్కుముడి విప్పడానికి నెలలు పడుతుంది కాబట్టి అన్నిటికన్నా ముందు దీన్ని మొదలుపెట్టాలి.

తరువాత ఆదాయపు పన్ను కాగితాలు. సంస్థ ఆదాయానికి మినహాయింపు ఇచ్చే 12ఏ నమోదు, దాతకు రాయితీ ఇచ్చే 80జీ ఆమోదం ఒకప్పుడు శాశ్వతంగా ఉండేవి. 2021 ఏప్రిల్ 1 నుంచి వీటికి గడువు వచ్చింది: కొత్త సంస్థకు మూడేళ్ల తాత్కాలిక నమోదు, ఆ తరువాత అయిదేళ్ల నమోదు. ఆ ఏడాది పాత నమోదును కొత్త పద్ధతిలోకి మార్చుకున్న సంస్థలకు అయిదేళ్ల గడువు 2026 మార్చి 31తో ముగిసింది, పైగా గడువు తీరడానికి కనీసం ఆరు నెలల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలన్నది నియమం. ‘మాకు 12ఏ ఎప్పుడో వచ్చింది’ అని నిర్వాహకులు ధీమాగా చెప్పినా, ఉత్తర్వు ప్రతి తెప్పించి చివరి తేదీ మీరే చదవాలి. అంతకుముందు రెండు సంవత్సరాల్లో ఏటా ఆదాయం 5 కోట్ల రూపాయలు మించని సంస్థల నమోదును పదేళ్లకు ఇచ్చే వెసులుబాటు 2025 ఆర్థిక చట్టం ద్వారా వచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి. వాడుకలో మాత్రం 12ఏ, 80జీ అన్న పాత పేర్లే నడుస్తున్నాయి గనుక ఇక్కడా అవే వాడుతున్నాను.

80జీ ఉన్న సంస్థ ప్రతి ఆర్థిక సంవత్సరపు దాతల వివరాలను తరువాతి మే 31లోగా శాఖకు సమర్పించి, దాతలకు ధ్రువపత్రాలు ఇవ్వాలి. ఇంతకాలం వీటిని 10బీడీ, 10బీఈ అని పిలిచారు. ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. నగదు రూపంలో 2,000 రూపాయలు మించి ఇచ్చిన విరాళానికీ, బియ్యం బస్తాలు, దుప్పట్లు వంటి వస్తురూప విరాళాలకూ 80జీ రాయితీ వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు అసలు ఈ రాయితీయే లేదు. కాబట్టి పన్ను మిగులుతుందన్న ఆశ చూపి చందా అడిగే అలవాటును సంస్థ చేత మాన్పించడం మేలు. చాలామంది దాతల విషయంలో అది మాట తప్పడమే అవుతుంది.

మూడో అడుగు: ఉమ్మడి లెక్కల మనిషి

నన్నడిగితే ఒక ప్రాంతంలోని సేవాసంస్థలకు ఎవరైనా చేయగల అత్యుత్తమ సాయం ఇదే. మూడు సంస్థలు కలిసి ఒక పూర్తికాలపు అకౌంటెంటును పెట్టుకుని, వారానికి రెండేసి రోజులు ఒక్కో సంస్థలో పనిచేయించుకోవాలి. మొదటి రెండేళ్ల జీతం సహాయక బృందం, అంటే ఈ పనికి పూనుకున్న అయిదారుగురు, భరించాలి. గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ గవర్నర్‌పేటలోనో ఆడిటరు కార్యాలయాల్లో కొన్నాళ్లు పనిచేసి, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ వచ్చినవారు ఈ పనికి సరిపోతారు. ఏడాది చివర ఆడిటరు దగ్గరికి సంచి నిండా బిల్లులు పట్టుకెళ్లే పద్ధతి ఇక్కడితో ఆగిపోవాలి.

ఆ మనిషి మొదటి నెలలో చేయవలసిన పని చిన్నదే గాని ఓపిక కావాలి. రసీదు పుస్తకాలకు వరుస సంఖ్యలు ఉన్నాయో లేదో చూడాలి. ఎన్ని పుస్తకాలు అచ్చువేయించారు, ఎవరి చేతికి ఎన్ని ఇచ్చారు, ఎన్ని తిరిగివచ్చాయి అన్న రిజిస్టరు ఒకటి తెరవాలి. రద్దయిన రసీదును చించేయకుండా అడ్డంగా గీత గీసి, దాతకు ఇచ్చే ప్రతినీ కార్యాలయ ప్రతినీ కలిపి పుస్తకంలోనే పిన్ను చేసి ఉంచాలి. ఆటో కిరాయి, కూరగాయలు వంటి బిల్లు రాని ఖర్చులకు తేదీ, పని, మొత్తం, డబ్బు తీసుకున్నవారి సంతకం, మంజూరు చేసినవారి సంతకం ఉన్న వోచరు రాయాలి. రైతుబజారులో ఆకుకూరలు అమ్మే ఆమె బిల్లు ఇవ్వదు గదా అని వోచరు కూడా మానేయడమే అసలు జబ్బు. వస్తురూపంలో వచ్చిన వాటికి స్టాకు రిజిస్టరు వేరుగా ఉండాలి: బస్తా వచ్చిన రోజు, వాడిన రోజు, మిగిలిన కిలోలు. హుండీలో పడిన డబ్బును ఇద్దరి సమక్షంలో లెక్కించి, మర్నాడే బ్యాంకులో వేయాలి. దాత పేరు, చిరునామా నమోదు కాని విరాళాలు లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ పరిమితి దాటినప్పుడు పైమొత్తంపై 30 శాతం పన్ను పడుతుంది.

ఏటా వచ్చిన ఆదాయంలో 85 శాతం సంస్థ ఆశయాలకే వెచ్చించాలన్న నిబంధనను మార్చి నెలాఖరున కాక డిసెంబరులోనే లెక్కవేసుకుంటే కంగారు కొనుగోళ్లు తప్పుతాయి. ఆలోచన లేకుండా మార్చి చివరి వారంలో కొన్న కుట్టుమిషన్లు మూలన పడి తుప్పు పట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది.

నాలుగో అడుగు: అద్దెకూ కరెంటుకూ డబ్బు

మన దగ్గర అన్నదానానికి దాతలు ఎప్పుడూ కరవు కారు. పుట్టినరోజు, పెళ్లిరోజు, పెద్దల తద్దినం పేరిట భోజనాలు పెట్టిస్తామని ముందుకొచ్చేవారు ఎక్కువే. కొన్ని ఆశ్రమాల్లో ఆదివారాలు నెలల ముందే నిండిపోతాయి, ఒకే పూట రెండు కుటుంబాలు మిఠాయిలు తెచ్చి పిల్లల కడుపు పాడుచేయడమూ జరుగుతుంది. అదే సంస్థకు మంగళవారం పప్పు దినుసులకు డబ్బు ఉండదు, వంటమనిషికి రెండు నెలల జీతం బాకీ ఉంటుంది. ఈ ధోరణిని ఎదిరించకుండా మలుచుకోవాలి. భోజనం పూట ధర ప్రకటించేటప్పుడు సరుకుల ఖర్చు మాత్రమే కాకుండా ఆ పూటకు పడే గ్యాసు, వంటమనిషి జీతం, అద్దె, లెక్కల ఖర్చు కలిపి మొత్తం చెప్పాలి. ఉదాహరణకు సరుకులకు 3,000 రూపాయలు అయ్యేచోట మిగతావన్నీ కలుపుకుంటే మొత్తం 4,500 అవుతుంటే, 4,500 అనే అడగాలి, ఆ తేడా దేనికో ఒక చిన్న కాగితం మీద అచ్చువేసి చూపాలి. వివరం చూపినప్పుడు కాదనే దాతలు తక్కువ.

దీంతో పాటు సహాయక బృందంలోని ప్రతి ఒక్కరూ నెలకు ఇంత అని, ఏ పనికీ కట్టుబెట్టకుండా, బ్యాంకు ద్వారా క్రమం తప్పకుండా పంపడం మొదలుపెట్టాలి. ఏడాదికొకసారి వచ్చే 60,000 కన్నా నెలనెలా వచ్చే 5,000 సంస్థకు ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే జీతాలు నెలనెలా ఇవ్వాలి. అసలు కదపకుండా వడ్డీ మాత్రమే వాడుకునే మూలనిధి ఆలోచన ఆ తరువాతిది. మూడు నెలల ఖర్చుకు సరిపడే నిల్వ ఏర్పడేదాకా దాని ఊసెత్తనక్కర్లేదు.

అయిదో అడుగు: కార్యవర్గం

వ్యవస్థాపకుడు, ఆయన భార్య, బావమరిది, ఇద్దరు మిత్రులు, వారి సంతకాలు. చాలా సంస్థల కార్యవర్గం ఇదే. దీన్ని ఒక్కరోజులో మార్చాలనుకుంటే పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది, పనీ చెడుతుంది. ఖాళీ అయిన ఒక్కో స్థానంలో బంధువు కాని ఒకరిని, వీలైతే ఆ సంస్థలోనే పెరిగి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న ఒకరిని చేర్చుకుంటూ పోవాలి. కార్యదర్శి ఆరు నెలలు మంచాన పడితే చెక్కు మీద ఎవరు సంతకం చేస్తారు, పోర్టల్ పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయి అన్న రెండు ప్రశ్నలకు మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా జవాబు రాయించగలిగితే ఈ అడుగు సగం వేసినట్టే.

ఆరో అడుగు: పిల్లలూ సిబ్బందీ

బాలల గృహం నడిపే ప్రతి సంస్థా, ప్రభుత్వ సాయం తీసుకున్నా తీసుకోకపోయినా, 2015 బాలల న్యాయ చట్టంలోని 41వ సెక్షన్ కింద నమోదు కావాలి; ఆ నమోదు గడువు అయిదేళ్లు. రిజిస్ట్రేషన్ లేని గృహానికి డబ్బు ఇవ్వకుండా, ముందు ఆ నమోదు చేయించడానికి సాయపడాలి. రైళ్లలో వచ్చిపడే పిల్లలకు విజయవాడ జంక్షన్ పెద్ద మజిలీ కావడం వల్ల ఈ పట్టణంలో ఇది మరీ ముఖ్యం: దొరికిన పిల్లవాణ్ని 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి, దయతో నేరుగా తెచ్చి పెట్టుకోకూడదు.

ఇక దాతలు వినడానికి ఇష్టపడని సంగతి ఒకటి. కేకు కోస్తూ గృహంలోని పిల్లల మధ్య దిగిన ఫొటో వాట్సాప్‌లో పెట్టడం మంచితనపు ప్రదర్శనే కాదు, చట్టవిరుద్ధం కూడా. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టే ఫొటోలను, వివరాలను ప్రచురించకూడదని అదే చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘనకు ఆరు నెలల వరకు జైలు గాని, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ మాట ఇంగ్లీషులోను, తెలుగులోను రాసి గుమ్మం దగ్గరే అంటించాలి. చెప్పే పని నిర్వాహకుల మీద వదలకుండా సహాయక బృందమే నెత్తిన వేసుకుంటే వారు చందా పోతుందన్న భయం లేకుండా ఉంటారు.

సిబ్బందికి నియామక పత్రం, బ్యాంకు ద్వారా జీతం, వారాంతపు సెలవు ఉండాలి. పదిమంది లేదా అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ తప్పనిసరి. సేవాసంస్థ అన్న మినహాయింపు లేదు.

ఏడో అడుగు: కంపెనీల డబ్బు, కడలి దాటి వచ్చే డబ్బు

నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బు అందుకోవాలంటే సంస్థకు 12ఏ, 80జీ, మూడేళ్ల అనుభవం, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు అవసరం. మొదటి రెండు అడుగులు వేయకుండా కంపెనీల గుమ్మం ఎక్కడం దండగ.

గుంటూరు, కృష్ణా డెల్టా ఊళ్లలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారనిపించే పరిస్థితి గనుక విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సంగతి విడమర్చి చెప్పాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసుడు తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపిన విరాళం విదేశీ విరాళం కిందకి రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుని, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు మీద ఉంటే, ఊరు అదే, ఇంటిపేరు అదే అయినా ఆ డబ్బు విదేశీ విరాళమే. రూపాయల్లో ఇచ్చినా అంతే. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. కాబట్టి రసీదు మీద దాత పౌరసత్వం రాసుకునే గడి ఒకటి ఉండాలి. నమోదు కావాలంటే సాధారణంగా మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాలపై కనీసం 15 లక్షల వ్యయం చూపాలి. డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తరువాత పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు, అలా వచ్చిన సొమ్మును మరో సంస్థకు బదలాయించకూడదు. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ఖాతాలోకి తెప్పించి చిన్న సంస్థకు పంచుదామన్న పాత ఉపాయం ఇక చెల్లదు.

ఎనిమిదో అడుగు: వరదకు ముందే ఒప్పందం

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తినప్పుడు, మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైనప్పుడు, సాయం చేయడానికి వచ్చినవారికి కొదవ లేదు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా పొట్లాలు వచ్చాయి. అక్కడి నుంచి నడుములోతు నీళ్లలో లోపలి సందులకు చేర్చడమే గగనమైంది. ఈ రెండు పనులకు కావలసిన మనుషులు వేరు. వంటశాల, గోదాము, వాహనం ఉన్న సంస్థ ఏది, ఏ సందులో ఏ మేడ మీద ఎవరున్నారో తెలిసిన స్థానిక సంఘం ఏది అన్నది వానాకాలానికి ముందే ఒక కాగితం మీద రాసుకుని, సంతకాలు చేసుకుని, ఆ ప్రతిని నగరపాలక సంస్థకూ కలెక్టరేటుకూ ఇవ్వాలి. స్వయంసహాయక సంఘాల మహిళలను ఇందులో చేర్చకపోతే ఆ ఒప్పందం అసంపూర్ణం.

రెండో వారానికి అవసరాలు మారిపోతాయని కూడా ఆ ఒప్పందంలోనే రాసుకోవాలి. నీరు తీసిన ఇంట్లో పులిహోర పొట్లం కన్నా బురద ఎత్తే పార, బ్లీచింగు, పొయ్యి, పరుపు, తడిసిన ధ్రువపత్రాలకు నకళ్లు తెచ్చిపెట్టే మనిషి ముఖ్యం. అందుకని వచ్చిన విరాళంలో సగాన్ని మొదటి వారంలో ముట్టుకోకూడదన్న నియమం పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

సంస్థ కాగితాలూ నీళ్లలో నానతాయి. రిజిస్ట్రేషన్ పత్రం, ట్రస్టు డీడు, మినిట్స్ పుస్తకాలు, 12ఏ ఉత్తర్వు, అన్నీ స్కాన్ చేసి రెండు చోట్ల దాచి, అసలు ప్రతులను పై అంతస్తులో ఉంచాలి.

తొమ్మిదో అడుగు: నిలబెట్టలేమని తేలితే

రెండేళ్ల తరువాత కూడా కార్యవర్గం కూడకపోతే, సేవ పొందేవారు లేకపోతే, ఆ సంస్థను గౌరవంగా ముగించడానికి సాయపడటం కూడా ఈ పనిలో భాగమే. మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీలులేదు; అలాంటి ఆశయాలే ఉన్న, 12ఏ నమోదు ఉన్న మరో సంస్థకు గడువులోగా బదలాయించాలి. రద్దు జరిగిన నెలాఖరు నుంచి 12 నెలల్లో అలా చేయకపోయినా, నమోదు లేని సంస్థకు ఇచ్చినా, పేరుకున్న ఆస్తి విలువపై గరిష్ఠ రేటున పన్ను పడుతుంది. నమోదు పునరుద్ధరణ మరచిపోయినా ఇదే పన్ను మీద పడే ప్రమాదం ఉంది. అందుచేత విలీన తీర్మానం రాయించేముందు స్వీకరించే సంస్థ నమోదు ఉత్తర్వు మీది చివరి తేదీని చూసి, దాని ప్రతిని తీర్మానానికి జతచేయించాలి.